వెలుతురుకు విరిగిన విటమిన్

రాత్రి పదకొండు దాటింది. బాచుపల్లిలో నాలుగో అంతస్తు ఫ్లాటు. ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల సందడి సాయంత్రమే ముగిసింది. టిప్పర్లు మాత్రం గండిమైసమ్మ వైపు పోతూనే ఉన్నాయి. మీ అమ్మ ఫ్యాను ఆపించి, రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. థర్మామీటరు 102 దగ్గర ఆగింది.

"ఒళ్ళంతా ఎవరో కొట్టి పడేసినట్టుంది నాన్నా. పొద్దున బానే ఉన్నానుగా!"

పొద్దున బాగానే ఉంది. ఎముకలు గుల్లబారుతున్నాయని డాక్టరు చెబితే ఆస్పత్రి డే కేర్‌లో కూర్చోబెట్టి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించారు. 5 మిల్లీగ్రాములు, ఏడాదికి ఒక్కసారి. చిన్న సీసా, అరగంట కూడా పట్టలేదు. సూది తీసేటప్పుడే నర్సు చెప్పింది: "ఈ రాత్రికి జ్వరం రావచ్చమ్మా, కంగారు పడకండి. పారాసెటమాల్ వేసుకోండి. వచ్చే ఏడాది ఎక్కించినప్పుడు ఇంత ఉండదు."

పై అంతస్తు అమ్మాయి తలుపు తట్టి లోపలికి వస్తుంది. ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. అమ్మ నుదురు తాకి చూసి, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటుంది.

"ఇది ఇన్‌ఫెక్షన్ కాదు ఆంటీ. మీ రక్తంలో గామా డెల్టా టి కణాలని ఉంటాయి. వాటిని ఆ మందు నిద్ర లేపింది."

"మంచికి లేచాయా, చెడ్డకి లేచాయా?"

"పొరపాటుకి లేచాయి ఆంటీ. రెండ్రోజుల్లో సర్దుకుంటాయి."

ఆ పొరపాటు ఎలా జరిగిందో చూడాలంటే అమ్మ మోచేతి మడతలో, పొద్దున సూది దిగిన నరంలోకి వెళ్ళాలి. ఎర్ర కణాల గుంపుల మధ్య టి కణాలు పోతుంటాయి. వాటిలో చాలా వాటి పద్ధతి ఒకటే. శరీరంలోని కణం తన లోపలి ప్రొటీన్లను ముక్కలు చేసి, హెచ్ఎల్ఏ అనే పళ్ళెంలో పెట్టి పైకి చూపిస్తుంది. టి కణం వచ్చి ఆ ముక్క మనదా, పరాయిదా అని తడిమి చూస్తుంది. ఈ పళ్ళెం మనిషికీ మనిషికీ మారుతుంది. ఒకరి అవయవం ఇంకొకరికి అతకకపోవడానికి ముఖ్య కారణం అదే. పైగా ఒక్కో ముక్కను గుర్తుపట్టే టి కణాలు మొదట ఏ కొద్దో ఉంటాయి. అవి పెరిగి సైన్యం అయ్యేసరికి రోజులు గడుస్తాయి.

ఇప్పుడు మీ పక్క నుంచి పోతున్న గామా డెల్టా కణం ఆ పళ్ళెం వైపు చూడదు. రక్తంలోని ప్రతి 100 టి కణాల్లో 1 నుంచి 5 దాకా ఇవే. మలేరియా పరాన్నజీవి, క్షయ సూక్ష్మజీవి లాంటివి తమ బతుకు కోసం తయారుచేసుకునే ఒక చిన్న ఫాస్ఫేట్ అణువు కోసం ఇవి కాపు కాస్తాయి. అలాంటిదే, కానీ వేల రెట్లు బలహీనమైనది, మన కణాల్లోనూ ఉంది. కొలెస్టరాల్ తయారయ్యే దారిలో అది ఒక మజిలీ, పేరు ఐపీపీ. మామూలు రోజుల్లో అది ఎప్పటికప్పుడు ఖర్చయిపోతుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. జోలెడ్రోనిక్ యాసిడ్ సరిగ్గా ఆ దారినే మూసేస్తుంది. ఎముకను తినేసే కణాలను ఆపాలన్నది మందు ఉద్దేశం. కానీ రక్తంలో తిరిగే మోనోసైట్లు కూడా మందును మింగుతాయి, వాటి లోపల ఐపీపీ పేరుకుపోతుంది. బ్యూటిరోఫిలిన్ అనే ప్రొటీన్లు ఆ సంగతిని కణం బయటికి చేరవేస్తాయి. గామా డెల్టా కణానికి అది శత్రువు జాడలాగే కనిపిస్తుంది. వెంటనే టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్లను వదులుతుంది. మెదడు ఒంటి వేడిని పెంచుతుంది. అమ్మ రెండో దుప్పటి అడుగుతుంది.

ఈ కణాలు అసలు ఉన్నాయని తెలిసిందే వేరే వెతుకులాటలో. 1984లో అమెరికాలో సుసుము తొనెగావా ప్రయోగశాల టి కణం తడిమి చూడడానికి వాడే గ్రాహకంలో ఆల్ఫా భాగానికి జన్యువు వెతుకుతుంటే అనుకోకుండా గామా జన్యువు చేతికొచ్చింది. 1986లో మైకేల్ బ్రెన్నర్ బృందం అసలు ప్రొటీన్‌ను చూపించింది. అవి దేన్ని చూస్తాయో అప్పటికి తేలలేదు. 1999లో జర్మన్ డాక్టర్లు కొందరు, జోలెడ్రోనిక్ యాసిడ్‌కు అన్న వరసయ్యే పామిడ్రోనేట్ ఎక్కించాక జ్వరమొచ్చిన రోగుల రక్తం తీసి చూశారు. గామా డెల్టా కణాలు పెరిగి ఉన్నాయి. మొదటి డోసు తీసుకున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి వచ్చే ఆ జ్వరాన్ని అప్పటిదాకా సైడ్ ఎఫెక్టుల జాబితాలో రాసి వదిలేసేవారు. దాని వెనకాల ఏ కణం ఉందని అడిగిన వాళ్ళంటే నాకు అపారమైన గౌరవం.

"రేపు సెలవేనా మీకు? ల్యాబుకి రండి, చూపిస్తాను. ఆంటీ దగ్గర ఎవరైనా ఉంటేనే సుమా," అని ఆ అమ్మాయి లేస్తుంది.

తెల్లారేసరికి జ్వరం 100కు దిగింది. పిన్ని నిజాంపేట నుంచి వచ్చి అమ్మ దగ్గర కూర్చుంది. మీరిద్దరూ కారులో బయల్దేరతారు. ఒకప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలో ఓ పల్లె బాచుపల్లి. 2016లో జిల్లాల విభజనతో తనే మండలమైంది. ఇప్పుడు రోడ్డుకు అటూ ఇటూ టవర్లు, టిఫిన్ సెంటర్లు, హాస్టళ్ళు. ఐటీ ఉద్యోగులు మియాపూర్ మెట్రో వైపు, హైటెక్ సిటీ వైపు పోతుంటే, ఎదురుగా మందుల కంపెనీల బస్సులు వస్తున్నాయి. డాక్టర్ రెడ్డీస్ ప్రాంగణం పక్క నుంచి పోతారు. 2007లో రిటుక్సిమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌గా రెడిటక్స్‌ను తెచ్చింది ఈ కంపెనీయే. బి కణాల మీది ఒక ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ అది. బాచుపల్లి వాళ్ళకు ఇమ్యునాలజీ ఎక్కడో దూరదేశపు శాస్త్రం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అయితే ఈ రోడ్డు మీద ఎక్కువ మంది బతుకు చిన్న అణువులతోనే: మాత్రలు, క్యాప్సూళ్ళు, వాటిలోని రసాయనాలు. ఈ చిన్న అణువులకూ టి కణాలకూ సంబంధం ఏమిటి?

మల్లంపేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నగరానికి అవతలి వైపు దిగుతారు.

ల్యాబులో చల్లగా ఉంది. చేతులు కడుక్కుని, తెల్ల కోటు వేసుకుని, స్టూలు మీద కూర్చుంటారు. ఆ అమ్మాయి చేతిలో హెపారిన్ ట్యూబు, అందులో ఒక ఆరోగ్యవంతుడైన దాత ఇచ్చిన రక్తం. చిక్కటి ఫికాల్ ద్రవం మీద ఆ రక్తాన్ని గోడ వెంట మెల్లగా జార్చి పోస్తుంది, రెండూ కలవకూడదు. సెంట్రిఫ్యూజ్ అరగంట తిరుగుతుంది. బయటికి తీస్తే అడుగున ఎరుపు, పైన పసుపు, మధ్యలో సన్నటి తెల్ల పొర. టి కణాలు ఆ పొరలో ఉంటాయి. దాన్ని పిపెట్‌తో లాగి, కడిగి, రంగులు పూసిన యాంటీబాడీలు కలుపుతుంది. చివరగా ఇంకో చిన్న ట్యూబు తీస్తుంది. దానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంది.

"ఇది ఎమ్మార్-1 టెట్రామర్. మెయిట్ అని, గామా డెల్టాల్లాగే హెచ్ఎల్ఏ పళ్ళేన్ని పట్టించుకోని ఇంకో రకం టి కణాలను పట్టుకోవడానికి."

ఫ్లో సైటోమీటర్ ముందుకు జరుగుతారు. కణాలు ఒక్కొక్కటే వరసగా లేజర్ కాంతి మీదుగా పోతుంటాయి. తెర మీద ఒక్కో కణానికి ఒక్కో చుక్క. వేల చుక్కలు ఒకచోట గుంపు కట్టాక, కుడి పక్క పై మూలన, అన్నిటికీ దూరంగా, చిన్న గుంపు ఒకటి తేలుతుంది. ఆ అమ్మాయి మౌసుతో దాని చుట్టూ గీత గీస్తుంది. మెయిట్ కణాలు. రక్తంలో 100 టి కణాలకు 1 నుంచి 10 దాకా ఉంటాయి. కాలేయంలో అంతకు ఎన్నో రెట్లు. వయసు మీదపడే కొద్దీ తగ్గుతాయి.

"వీటి కోసం ఒకాయన తన జీవితంలో సగం ఖర్చుపెట్టాడు," అంటుంది.

పారిస్‌లోని క్యూరీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసిన ఒలివియే లాంట్జ్ సంగతి అది. కొన్ని టి కణాల్లో గ్రాహకం మనిషి మనిషికీ మారకుండా ఒకే అచ్చులో ఉంటుందని 1990ల మొదట్లో బయటపడింది. లక్షల కోట్ల రకాల గ్రాహకాలు తయారుచేయగలిగిన శరీరం, ఒకే గ్రాహకాన్ని ఇన్ని కణాలకు ఎందుకు తొడిగింది? 1994లో ఆల్బర్ట్ బెండెలాక్‌తో కలిసి లాంట్జ్ అలాంటి ఒక జాతిని వివరించాడు. వాటిని ఇప్పుడు ఎన్‌కేటీ కణాలంటాం, అవి కొవ్వు అణువులను చూస్తాయి. ఇంకో అచ్చు కూడా ఉందని 1993లోనే హార్వర్డ్ బృందం గమనించింది. లాంట్జ్ దాని వెంటపడ్డాడు. 1999లో దాన్ని ఒక ప్రత్యేక జాతిగా నిలబెట్టాడు. 2003లో అతని బృందమే అవి ఎమ్మార్-1 అనే ప్రొటీన్ మీద ఆధారపడతాయని చూపించి, పేగుల్లో సూక్ష్మజీవులు లేకుండా పెంచిన ఎలుకల్లో అవి కనిపించవని తేల్చింది. మెయిట్ అన్న పేరు అప్పటిదే. ఎమ్మార్-1 కూడా పళ్ళెమే, హెచ్ఎల్ఏ కుటుంబానిదే, కానీ మనుషులందరిలో దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ పళ్ళెంలో ఏం పెడతారో మాత్రం తెలియలేదు. కణం తెలుసు, పళ్ళెం తెలుసు, వడ్డించేది తెలియదు. అలా తొమ్మిదేళ్ళు.

ఇప్పుడు మెల్‌బోర్న్ వెళ్ళండి. 2012కు ముందు సంవత్సరాలు. జేమ్స్ మెక్‌క్లస్కీ, జేమీ రాస్‌జాన్, లార్స్ కెయర్-నీల్సన్‌ల బృందం ఎమ్మార్-1ను బ్యాక్టీరియాలో తయారుచేసి, విప్పిన ప్రొటీన్‌ను తిరిగి సరైన రూపంలోకి మడిచే ప్రయత్నంలో ఉంది. ఇలాంటి ప్రొటీన్ ఖాళీగా ఉంటే సరిగ్గా మడత పడదు. లోపల ఏదో ఒకటి కూర్చోవాలి. ఏం కూర్చుంటుందో తెలియకుండా మడిచేదెలా? వాళ్ళు ఆర్‌పీఎమ్ఐ-1640 కలిపి చూశారు. ప్రపంచంలో ఏ కణ ప్రయోగశాల ఫ్రిజ్ తెరిచినా కనిపించే ఎర్రటి ద్రవం అది. కణాలను పెంచడానికి వాడే ఆహారం. అది ఉన్నప్పుడు ఎమ్మార్-1 మడత పడింది. లేనప్పుడు పడలేదు. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి చూస్తే 190 దగ్గర గీత. ఆ బరువు 6-ఫార్మిల్‌ప్టెరిన్‌ది. అది ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ద్రవంలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. వెలుతురు తగిలితే ఫోలిక్ యాసిడ్ విరుగుతుంది. విరిగిన ముక్క ఇది.

గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలోని ఫోలిక్ యాసిడ్. బి9 విటమిన్.

ఇక్కడ ఆగి ఇంకో చోటికి వెళ్ళక తప్పదు, ఎందుకంటే అది మన ఇంటి కథ. న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊరు, లెడర్లీ ప్రయోగశాలలు, 1940ల నడిమి సంవత్సరాలు. కాలేయం నుంచి తీసిన సారం పీపాలకొద్దీ ఉంది. దాని నుంచీ, సూక్ష్మజీవుల పులియబెట్టుడు నుంచీ, చిటికెడు పసుపు పొడి కోసం రసాయన శాస్త్రవేత్తల బృందం వడపోతల మీద వడపోతలు చేస్తోంది. దానికి పెద్ద ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయ ప్రొఫెసర్‌కు కంటగింపై, ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి పట్టాతో బయటపడ్డాడు. అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు, కండరంలో ఏటీపీని బయటపెట్టిన వాళ్ళలో ఒకడయ్యాడు. అయినా అక్కడ శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీకి వచ్చాడు. అతని బృందం ఫోలిక్ యాసిడ్‌ను వేరుచేసి, దాని నిర్మాణం తేల్చి, కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు అది మందు కూడా అయింది.

ఆ అణువును కొంచెం మార్చి, కణాన్ని మోసగించే అణువుగా అమినోప్టెరిన్‌ను తయారుచేసిందీ ఆ బృందమే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకీమియా పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. పిల్లల లుకీమియాకు మందుతో వైద్యం అన్న ఆశ అక్కడ మొదలైంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో పోయాడు. 53 ఏళ్ళు.

టి కణం అన్న మాట అప్పటికి పుట్టలేదు. టి కణాలు తయారయ్యే థైమస్ దేనికుందో కూడా 1960ల దాకా ఎవరికీ తెలియదు. భీమవరం మనిషి శ్రమించి శుద్ధిచేసిన విటమిన్, ఆయన పోయిన అరవై నాలుగేళ్ళకు, ఆస్ట్రేలియాలో వెలుతురుకు విరిగి ఎమ్మార్-1లో కూర్చుని, మెయిట్ కణాల తాళం ఎక్కడుందో చూపించింది. దీన్ని యాదృచ్ఛికం అనడానికి నాకు మనసొప్పదు. శుద్ధంగా, తూకంగా, నిర్మాణం తెలిసిన అణువుగా ఫోలిక్ యాసిడ్ సీసాల్లోకి వచ్చింది కాబట్టే కణాలకు పెట్టే ఆహారంలోకి వచ్చింది. అందులో ఉంది కాబట్టే దొరికింది. రసాయన శాస్త్రవేత్త చేసిన పని ఇమ్యునాలజిస్టుకు ఎలా అందుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

అయితే 6-ఫార్మిల్‌ప్టెరిన్ పళ్ళెంలో కూర్చుంటుందే గానీ మెయిట్ కణాలను కదిలించదు. మెల్‌బోర్న్ వాళ్ళు మళ్ళీ వెతికారు. సాల్మొనెల్లా పెరిగిన ద్రవంలో ఎమ్మార్-1ను మడిస్తే వేరే బరువు అణువు వచ్చింది, దానికి కణాలు లేచాయి. ఆ అణువులది బి9 దారి కాదు, బి2 దారి. రైబోఫ్లేవిన్. బి-కాంప్లెక్స్ వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపుగా రావడానికి కారణమైన విటమిన్. 2014లో అసలు రూపం తేలింది: రైబోఫ్లేవిన్ తయారీలో ఒక మధ్య దశ అణువు, కణంలో చక్కెర విరిగేటప్పుడు పుట్టే మిథైల్‌గ్లయాక్సాల్‌తో దానంతటదే కలిస్తే 5-ఓపీ-ఆర్‌యూ వస్తుంది.

మన శరీరం రైబోఫ్లేవిన్ తయారుచేసుకోలేదు. తిండి నుంచి తీసుకుంటుంది. తయారుచేసేవి బ్యాక్టీరియా, ఈస్టులు, మొక్కలు. అందుకే పూర్తయిన విటమిన్‌ను చూసి మెయిట్ కణం కదలదు, ఎన్ని మాత్రలు మింగినా లెక్కచేయదు. తయారీ నడుస్తున్న జాడను చూస్తేనే కదులుతుంది. ఆ జాడ ఉందంటే పక్కనే ఓ సూక్ష్మజీవి బతికి పనిచేస్తోందన్నమాట. 2019లో లాంట్జ్ బృందం మరో మెట్టెక్కింది: పేగుల్లోని సూక్ష్మజీవుల నుంచి ఈ అణువు థైమస్ దాకా ప్రయాణించి, మెయిట్ కణాల పుట్టుకనే నడిపిస్తుందని ఎలుకల్లో చూపించింది. ఆ ఏడాదే ఇంకో బృందం, పుట్టిన తొలి వారాల్లో సూక్ష్మజీవులు అందకపోతే ఈ కణాలు తర్వాత సరిగా కుదురుకోవని కనుగొంది.

"ఆంటీ అడిగారుగా, మంచికా చెడ్డకా అని," అంటూ ఆ అమ్మాయి ప్లేటు తీస్తుంది. 96 గుంటల ప్లేటు. "గామా డెల్టా కణాలు వదిలే టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా విడివిడిగా ఉంటే ఒక సంగతి. రెండూ ఎక్కువై కలిస్తే కణాలు చచ్చిపోతాయి. 2021లో కోవిడ్ సమయంలో అది చూపించింది మన కన్నెగంటి తిరుమలాదేవి గారు."

కొత్తగూడెం సింగరేణి మహిళా కళాశాలలో రసాయన, జంతు, వృక్ష శాస్త్రాలు చదివి, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేసిన తిరుమలాదేవి మొదట పనిచేసింది మొక్కల తెగుళ్ళ మీద, శిలీంధ్రాల విషాల మీద. అమెరికాలో విస్కాన్సిన్, ఒహాయోలలో కూడా మొక్కల దగ్గరే ఉన్నారు. మిషిగన్‌లో జంతువుల రోగనిరోధక శక్తికి మళ్ళారు. 2007 నుంచి మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆస్పత్రిలో ఉన్నారు. కణాలు వాపుతో చచ్చే ఒక తీరుకు పానాప్టోసిస్ అన్న పేరు ఆమె బృందానిదే. ఈ ల్యాబులో తిరుగుతున్న పిల్లల్లో ఎంతమంది బోటనీ, కెమిస్ట్రీ నుంచి వచ్చారో చూస్తే, ఆ దారి వాళ్ళకు ఎంత ధైర్యమిస్తుందో తెలుస్తుంది.

ఆ అమ్మాయి హుడ్ దీపం తగ్గించి 5-ఓపీ-ఆర్‌యూ కలుపుతుంది. నీళ్ళలో అది ఎక్కువసేపు నిలవదు. రెండు ముడి పదార్థాలను అప్పటికప్పుడు కలిపి వాడాలి. మొదటి వరసకు అది. రెండో వరసకు 6-ఫార్మిల్‌ప్టెరిన్, కణాలను ఆపేందుకు. మూడో వరసకు మందులు.

"మందులెందుకు?"

"2017లో మెల్‌బోర్న్ వాళ్ళు మనం రోజూ వాడే మందుల్లో ఏవి ఎమ్మార్-1లో కూర్చుంటాయో వెతికారు. నొప్పికి వేసుకునే డైక్లోఫెనాక్ మెయిట్ కణాలను కదిలించగలదని తేలింది. అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వెలుతురుకు విరిగితే వచ్చే ముక్క వాటిని ఆపుతుంది."

సుబ్బారావు బృందపు అమినోప్టెరిన్. కీళ్ళవాతానికి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ దాని తమ్ముడే. ల్యాబులో దొరికిన ఈ సంగతి వల్ల రోగులు తమ మందులు మార్చుకోవాల్సిన పని లేదు. మాత్రల ఫ్యాక్టరీల మధ్య బతికే మనం అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటి ఉంది: ఒక అణువును మందుగా పరీక్షించేటప్పుడు, ఈ కణాలు దాన్ని ఎలా చూస్తాయో కూడా ఎందుకు పరీక్షించకూడదు?

ఆ అమ్మాయి అసలు పని క్షయ మీద. ప్రపంచంలో క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ సోకిన కణాలను మెయిట్ కణాలు గుర్తుపడతాయని 2010లో తేలింది. రోగుల రక్తంలో అవి తగ్గిపోతాయని అదే ఏడాది లాంట్జ్ వాళ్ళు చూశారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతున్నాయా, అలిసి చచ్చిపోతున్నాయా, ఆరు నెలల మందుల కోర్సు ముగిశాక తిరిగొస్తాయా, వచ్చినా పనిచేస్తాయా? మందు మొదలుపెట్టిన రోజు, రెండు నెలలకు, ఆరు నెలలకు, ఒకే మనిషి రక్తాన్ని మూడుసార్లు చూడాలి.

"రెండో నెలకే చాలామంది రావడం మానేస్తారు," అంటుంది ప్లేటుకు ఫాయిల్ చుడుతూ. "దగ్గు తగ్గిపోతుందిగా. కూలి పోతుందని రారు. అందుకే ఇప్పుడు నేనే బస్తీకి వెళ్ళి రక్తం తీసుకొస్తున్నాను. శనివారం జగద్గిరిగుట్ట. బాచుపల్లి నుంచి దగ్గరే కదా, ఖాళీ ఉంటే ఐస్ బాక్స్ పట్టుకోడానికి వస్తారా?"